పునరుద్ధరించాల్సింది కట్టడాన్నా, పనినా? సుక్మా కొలిమి అడుగుతున్న ప్రశ్న

ఈ వారం ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మెయిన్స్‌లో మీకు ఇలా వచ్చిందనుకోండి: "పారిశ్రామిక వారసత్వాన్ని కాపాడటమంటే కట్టడాలను కాపాడటమేనా? భారతీయ ఉదాహరణలతో చర్చించండి." 15 మార్కులు, 250 పదాలు.

మనలో చాలామంది ఏం రాస్తామో చెప్పనా? ఢిల్లీ ఇనుప స్తంభం, దానికి తుప్పు పట్టకపోవడం, డమాస్కస్ కత్తి, 49వ అధికరణ, 51ఎ(ఎఫ్), చివర్లో "ప్రభుత్వం, ప్రజలు కలిసి కృషి చేయాలి" అనే ముగింపు. ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ జవాబు మొత్తంలో ఇనుము చేసిన మనిషి ఎక్కడా కనిపించడు. ఆ పని ఇప్పుడు ఎవరికి వచ్చు, రేపు ఎవరికి వస్తుంది అనే ప్రశ్నే రాదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇనుము తయారీ వారసత్వంలో ముందు నిలబెట్టాల్సింది పనిని, ఆ తర్వాతే కట్టడాన్ని. దీన్ని చర్చించడానికి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాను తీసుకుంటున్నాను. అది మనకు దూరపు ఊరేమీ కాదు. భద్రాచలం మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే శబరి ఒడ్డున కుంట, ఆపైన సుక్మా, ఇంకా పైకి వెళ్తే జగదల్‌పూర్. కుంటలో తెలుగు వినిపిస్తుంది. అక్కడి దోర్లాల మాటలోనూ తెలుగు కలిసి ఉంటుంది. మన నోట్స్‌లో మాత్రం సుక్మా అంటే అంతర్గత భద్రత అనే ఒక్క శీర్షికే. ఆ జిల్లాకు ఇంకో పేజీ కూడా ఉంది.

నీటి చక్రం తిరిగే మ్యూజియం ఎలా ఉంటుంది?

ముందు బయటి ప్రపంచంలో ఈ పని ఎలా చేశారో చూద్దాం. పోల్చడానికి ఒక కొలమానం కావాలి కదా.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సాగస్ అనే చిన్న నది ఉంది. దాని ఒడ్డున 1646 ప్రాంతంలో ఒక ఇనుప కర్మాగారం మొదలై, పాతికేళ్లు తిరగకుండానే మూతపడింది. కాలక్రమంలో మట్టిలో కలిసిపోయింది. 1948 నుంచి 1953 వరకు తవ్వకాలు జరిపి, దొరికిన ఆనవాళ్ల ఆధారంగా దాన్ని మళ్లీ కట్టి 1954లో తెరిచారు. ఖర్చు అక్కడి ఇనుము, ఉక్కు కంపెనీల సంఘం భరించింది. 1968లో అది జాతీయ చారిత్రక స్థలమైంది.

అక్కడికి వెళ్లిన సందర్శకుడు వాలు వెంట పైనుంచి కిందికి నడుస్తాడు. పైన వంతెన మీదుగా కొలిమి నోట్లో ఖనిజం, కట్టె బొగ్గు, మలినాలను విడదీసే రాయి పోసేవారు. కొలిమి పక్కన నీటి చక్రం తిరిగితే పెద్ద తిత్తులు గాలి ఊదేవి. కొంచెం దిగువన ఇంకో చక్రం 500 పౌండ్ల సమ్మెటను లేపి పడేసేది. అంటే సుమారు 225 కిలోలు. ఇంకా దిగువన ఇనుమును రేకులుగా సాగదీసి, కడ్డీలుగా చీల్చే యంత్రం. ఈ పనంతటికీ ఏడు నీటి చక్రాలు ఉండేవి. ఇప్పుడు అక్కడ కొలిమి వెలగదు కానీ, చక్రం తిరగడం, సమ్మెట కదలడం చూపిస్తారు. పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా అర్థంకానిది పదినిమిషాల్లో అర్థమవుతుంది. నది ఎత్తు నుంచి పల్లానికి దిగుతున్నప్పుడు వచ్చే బలమే ఆ కర్మాగారానికి కరెంటు.

స్వీడన్‌లో ఎంగెల్స్‌బర్గ్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. అది తిరిగి కట్టింది కాదు, నిలిచి ఉన్నదే. 1778–79లో కట్టిన కొలిమి, నీటి చక్రం, తిత్తులు, సమ్మెట ఇంకా ఉన్నాయి. 1919లో పని ఆగింది. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. సాగస్ కర్మాగారంలో పనిచేసినవారిలో 1650 నాటి డన్‌బార్ యుద్ధంలో ఇంగ్లండ్ సైన్యానికి పట్టుబడిన స్కాట్లాండ్ ఖైదీలు ఉన్నారు. ఓడల్లో తెచ్చి వారిని పనిలో పెట్టారు. చక్రం అందంగా తిరుగుతుంటే ఈ సంగతి మరుగున పడిపోవచ్చు. యంత్రాన్ని చూపే మ్యూజియం ఆ యంత్రం దగ్గర ఎవరు, ఏ షరతుల మీద నిలబడ్డారో కూడా చెప్పాలి. ఈ పాయింటును పక్కన రాసి పెట్టుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

గాలి కోసం నీరు ఎందుకు?

సైన్స్ నేపథ్యం లేనివారి కోసం రెండు మాటలు. ఇనుప ఖనిజమంటే ఇనుము, ఆక్సిజన్ కలిసి ఉన్న రాయి. బొగ్గును మండిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది. దీనికి వేడి కావాలి, వేడికి గాలి కావాలి. చిన్న కొలిమిలో సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడి పుడితే మలినాలు కరిగి చిట్టెంగా కారిపోతాయి, ఇనుము మెత్తని ముద్దగా మిగులుతుంది. స్వచ్ఛమైన ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు కావాలి కనుక అది ద్రవం కాదు. ఆ ముద్దను సమ్మెటతో కొట్టి, లోపలున్న చిట్టెం వెళ్లగొట్టి, కర్రుగానో కొడవలిగానో మలుస్తారు. కొలిమి పెద్దదై, గాలి ఆగకుండా జోరుగా వస్తే ఇనుము బొగ్గులోని కార్బన్‌ను ఎక్కువగా పీల్చుకుని, తక్కువ వేడికే ద్రవమై పోత ఇనుముగా బయటికి వస్తుంది. మనిషి కాలు అలసిపోతుంది, నీరు అలసిపోదు. నీటి చక్రం తెచ్చిన తేడా ఇదే.

ఈ సందర్భంలో మీరు తప్పక గుర్తుంచుకోవాల్సిన పేరు దూ షి. ఈయన శాస్త్రవేత్త కాదు, పాలనాధికారి. చైనాలో హాన్ వంశ కాలంలో నాన్‌యాంగ్ ప్రాంతానికి అధికారిగా ఉండి, క్రీ.శ. 31లో నీటితో తిత్తులు ఊదే యంత్రాన్ని ప్రవేశపెట్టాడు. కత్తుల కోసం కాదు, వ్యవసాయ పనిముట్లు పోతపోయడం కోసం. శ్రమ తగ్గింది, ఫలితం పెరిగింది అని ఆనాటి చరిత్ర గ్రంథం రాసుకుంది. అంతకుముందు పనిచేసిన ఒక మంచి అధికారిని జనం తండ్రి అనుకుంటే, దూ షిని తల్లి అన్నారట. ఎథిక్స్ పేపర్‌లో ప్రజాసేవ గురించి ఉదాహరణ కావాల్సి వచ్చినప్పుడు అందరూ రాసే నాలుగు పేర్ల మధ్య ఈ పేరు కొత్తగా నిలబడుతుంది. ఒక జిల్లా అధికారి కొలిమి దగ్గర నిలబడి, ఈ మనుషుల శ్రమ ఎలా తగ్గించాలి అని ఆలోచించిన సందర్భం ఇది.

బస్తర్ కొలిమి: నీటికి బదులు కాళ్లు

ఇప్పుడు సుక్మా వైపు వద్దాం. బస్తర్ అడవుల్లో సాగస్‌లాంటి చక్రం లేదు. అక్కడి పద్ధతి వేరు. నడుము ఎత్తు మట్టి కొలిమి, పక్కన జంట తిత్తులు. ఒక మనిషి వాటి మీద నిలబడి కుడి కాలు, ఎడమ కాలు మార్చి మార్చి తొక్కుతాడు. తొక్కిన తిత్తిని మళ్లీ పైకి లాగడానికి వెదురు బొంగు స్ప్రింగులా పనిచేస్తుంది. మధ్య భారతంలోని అగరియా తెగ ఈ విద్యకు పేరుపడింది. వారి గురించి వెరియర్ ఎల్విన్ 1942లో 'ది అగరియా' అనే పుస్తకమే రాశాడు. అందులో కొలిమి కొలతలతో పాటు వారి దేవతలూ కనిపిస్తారు: కొలిమిలో ఉండే లోహాసురుడు, బొగ్గులో కోయలాసురుడు, నిప్పులో అగ్యాసురుడు. కొలిమి వారికి పనిముట్టే కాదు, పూజ అందుకునే చోటు కూడా.

నీటి చక్రం లేకపోవడాన్ని వెనకబాటుతనం అని రాసేయడం తేలిక. అలా రాయకండి. చక్రం కావాలంటే ఏడాది పొడవునా పారే నీరు, ఆనకట్ట, ఒకే చోట స్థిరంగా ఉండే కర్మాగారం, దూరంలో కొనే మార్కెట్ ఉండాలి. వానలు పోగానే వాగులు చిక్కిపోయే అడవిలో, నాలుగు ఊళ్లకు కావలసిన కర్రులు, గొడ్డళ్లు, బాణపు ములుకులు చేసుకునేవారికి మట్టి కొలిమి సరిపోయింది. బొగ్గు దొరికిన చోటికి దాన్ని మార్చుకోవచ్చు. అలాగని గొప్పలూ వద్దు. గంటల తరబడి తొక్కితే దక్కేది కొద్దిపాటి ముద్ద. అది కష్టమైన బతుకు. సమతూకం అంటే ఈ రెండూ చెప్పడం.

మన తెలుగు నేల మీద ఇదే విద్యకు ఇంకో శిఖరం ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవారు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయ్సీ రాశాడు. 'వూట్జ్' అనే ఇంగ్లిష్ మాట మన 'ఉక్కు' నుంచే పుట్టిందని పండితుల్లో చాలామంది అభిప్రాయం. 2010లో బెంగళూరుకు చెందిన జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో ఈ ఆనవాళ్లను సర్వే చేశాయి. దొరికినవి చిట్టెం కుప్పలు, మూస ముక్కలు. వాటిని చదవడానికి నేడు ప్రయోగశాల కావాలి. చేసిన చేతులు లేనప్పుడు మిగిలేది అంతే. బస్తర్ కూడా ఆ స్థితికి చేరకముందే మేలుకోవాలన్నది నా వాదన.

కొలిమి ఎలా ఆరింది?

కారణాలు మీకు తెలిసిన ఆధునిక చరిత్రలోనే ఉన్నాయి, ఈ కోణంలో కలిపి చూడాలి అంతే.

మొదటిది, అడవి. 1865, 1878 అటవీ చట్టాలతో అడవి రిజర్వు అయింది. బొగ్గు లేకపోతే కొలిమి లేదు. బస్తర్ సంస్థానంలో అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలన్న ప్రతిపాదన 1910 భూంకాల్ తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి. దాని నాయకుడిగా గుండాధుర్ పేరు ఈనాటికీ వినిపిస్తుంది.

రెండోది, మార్కెట్. బ్రిటన్ నుంచి వచ్చిన చవక ఇనుము, దాన్ని లోపలి ఊళ్లకు మోసిన రైలు. దీనికి తోడు కొలిముల మీద పన్ను వేసేవారు.

మూడోది, స్వాతంత్ర్యం తర్వాతి పెద్ద గనులు. దంతెవాడ జిల్లాలోని బైలాడీలా కొండలు దేశంలోని అత్యుత్తమ ఇనుప ఖనిజ నిల్వల్లో ఒకటి. ఆ పేరుకు ఎద్దు మూపురం అని అర్థం. 2012 జనవరిలో సుక్మా వేరు జిల్లా అయ్యేదాకా రెండూ ఒకే జిల్లా. 1968 నుంచి జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ తవ్వుతోంది. జపాన్‌కు ఖనిజం పంపడం కోసం వేసిన కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం మనకు అరకు అందాల దారిగా తెలుసు. కానీ దాని అసలు పని ఆ కొండను విశాఖ రేవుకు మోయడం. తర్వాత 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం కూడా వచ్చింది. ఖనిజాన్ని పొడి చేసి, నీటిలో కలిపి, ఆ ముద్దనీటిని విశాఖ దాకా పంపిస్తారు. అంటే బస్తర్ ఇనుము కథలోకి నీరు వచ్చింది. కొలిమిలోకి గాలి ఊదడానికి కాదు, ఖనిజాన్ని బయటికి తీసుకుపోవడానికి. 2023 అక్టోబరు 3న జగదల్‌పూర్ దగ్గర నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. సామర్థ్యం ఏటా 30 లక్షల టన్నులు. దీంతో ఖనిజంలో కొంతైనా అక్కడే ఉక్కు అవుతోంది. ఇది మంచి మార్పు. కానీ తిత్తి తొక్కిన కుటుంబాల విద్యకు అందులో చోటు లేదు.

ఈలోగా బస్తర్ కమ్మరులు ఏమయ్యారు? పాత ఇనుము, తుక్కు కొని, దాన్నే కాల్చి దీపపు సెమ్మెలు, జింకలు, నాట్యం చేసే మనుషుల బొమ్మలు చేస్తున్నారు. కొండగావ్ వైపు ఈ పని బాగా కనిపిస్తుంది. బస్తర్ ఇనుప కళకు 2008–09లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కళ బతికింది, సంతోషం. ఖనిజాన్ని ఇనుముగా మార్చే విద్య మాత్రం దాదాపు ఆగిపోయింది. కళ్లముందే కొండంత ఖనిజం, చేతిలో తుక్కు. మీ జవాబులో 'వనరుల శాపం' అని రాసే చోట ఈ వాక్యం పెట్టండి.

ఆ కొలిమి మళ్లీ వెలిగిస్తే చట్టం ఏమంటుంది?

ఇది పాలనాధికారి కావాలనుకునే మీరు నిదానంగా చదవాల్సిన భాగం. సుక్మాలో ఒక పెద్దాయన తనకు వచ్చిన విద్యను మనవడికి చూపించడానికి ఒక్కసారి కొలిమి పెట్టాలనుకున్నాడనుకోండి.

- ఖనిజం: ఇనుప ఖనిజం ప్రధాన ఖనిజం. 1957 గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేనిదే తవ్వకూడదు. 1996 పెసా చట్టం గ్రామసభకు ముందస్తు సిఫారసు అధికారం ఇచ్చింది చిన్నతరహా ఖనిజాల విషయంలోనే. ఇనుము అందులోకి రాదు.
- బొగ్గు: 1927 భారత అటవీ చట్టం సెక్షన్ 2(4) చూడండి. బొగ్గు అడవిలో దొరికినా, మరెక్కడి నుంచి వచ్చినా అటవీ ఉత్పత్తే. దాన్ని తరలించడం రవాణా అనుమతుల నిబంధనల కిందికి వస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కు ఇచ్చింది కానీ, ఆ నిర్వచనంలో వెదురు, తేనె, లక్క, తునికాకు ఉన్నాయి, బొగ్గు పేరు లేదు.
- విద్య: అదే అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం, సాంస్కృతిక వైవిధ్యాలకు సంబంధించిన సంప్రదాయ విజ్ఞానంపై సమాజానికి హక్కు ఉందంటుంది.

అంటే విద్య మీద హక్కుంది. ఆ విద్యకు కావలసిన రెండు ముడిసరుకులూ చేతికి అందవు. ఆయన కొలిమి పెడితే వారసత్వ సంరక్షకుడు కూడా అవుతాడు, కేసులో ముద్దాయి కూడా కావచ్చు. దీన్ని సరిచేయకుండా ఎన్ని కోట్లతో మ్యూజియం కట్టినా అందులో పెట్టడానికి ఆరిన కొలిమి బొమ్మే మిగులుతుంది.

దారి లేదా? ఉంది. దానికి నమూనా సుక్మాలోనే ఉంది. టోంగ్‌పాల్ వైపు తగరపు ఖనిజం దొరుకుతుంది. అక్కడి గిరిజనులు సేకరించిన ఖనిజాన్ని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ కొనే ఏర్పాటు ఉంది. తగరానికి ఒక వెసులుబాటు సాధ్యమైనప్పుడు, ఏడాదికి కొన్ని గంపల ఇనుప రాయికి సాధ్యం కాదా?

ఎదురు వాదనలు

ఒక వైపే రాసిన వ్యాసానికి మార్కులు రావు. అభ్యంతరాల్లో బలమైనవే తీసుకుందాం.

*ముందు బడి, ఆసుపత్రి, రోడ్డు. కొలిమి తర్వాత.* ఈ మాటలో న్యాయం ఉంది. దశాబ్దాల హింస చూసిన జిల్లా అది. అక్కడి నుంచి ఎన్నో కుటుంబాలు అడవి దాటి మన ఖమ్మం, భద్రాద్రి, ములుగు ప్రాంతాలకు వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. వారికి కొలిమి గురించి ఉపన్యాసం ఇవ్వడం ఎవరికైనా సిగ్గుచేటే. కానీ నేను అడుగుతున్నది బడికి బదులు మ్యూజియం కాదు. పెద్ద భవనం వద్దనే కదా అంటున్నది. ఒక పాక, నలుగురు గురువులకు గౌరవ వేతనం, కొద్దిపాటి బొగ్గు. 2015 సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిలో నైపుణ్యాభివృద్ధి ప్రాధాన్య రంగాల్లో ఒకటి. ఆసుపత్రి డబ్బు ముట్టకుండానే ఈ పని జరుగుతుంది.

*అడవి నరికి బొగ్గు కాల్చడమా?* వ్యాపార స్థాయిలో అయితే నేనూ ఒప్పుకోను. సాగస్ కాలంలో యూరప్, అమెరికాల్లో ఇనుప కొలిములు అడవులను మింగాయి. ఇక్కడ అడుగుతున్నది ఏడాదికి రెండుమూడు ప్రదర్శన కాల్పులు. ఎంత కట్టె కాల్చాలో సామూహిక అటవీ వనరుల హక్కు ఉన్న గ్రామసభే నిర్ణయించి, లెక్క రాసి పెట్టవచ్చు.

*గిరిజనులను ప్రదర్శన వస్తువులు చేయడమే కదా?* ఇది నాకు అన్నింటికంటే బరువైన అభ్యంతరంగా తోస్తుంది. అండమాన్‌లో జారవాలను పర్యాటకులకు చూపించిన తీరు మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు. సాగస్ చక్రం దగ్గర యుద్ధ ఖైదీల సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. తేడా ఒకే చోట ఉంటుంది: నిర్ణయం ఎవరిది? ఎప్పుడు వెలిగించాలి, ఎవరికి చూపించాలి, ఏ పూజ బయటివారు చూడకూడదు, ఎంత రుసుము తీసుకోవాలి, అసలు చూపించాలా వద్దా అనేవి ఆ కుటుంబాలు, గ్రామసభ తేల్చాలి. వద్దు అనే హక్కు కూడా వారికి ఉండాలి. ఆ హక్కు లేని చోట ఈ పథకాన్ని నేనే వ్యతిరేకిస్తాను.

*చదువుకున్న పిల్లలు మళ్లీ తిత్తి తొక్కుతారా?* తొక్కనక్కర్లేదు. పాలిటెక్నిక్ చదివే అమ్మాయి తాత కొలిమిలో వేడి కొలిచి, చిట్టెం పరీక్షించి, నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు. విద్య తరువాతి తరానికి చేరాలి, బతుకు కష్టం కాదు. పై నుంచి దూ షి చూస్తే అందులో తిత్తికి చిన్న మోటారు పెట్టమంటాడేమో. పెట్టుకోనివ్వండి. ఒక కొలిమి పాత పద్ధతిలో, ఇంకోటి కొత్త పద్ధతిలో నడిస్తే విద్యార్థికి రెట్టింపు పాఠం.

చేయదగినవి

నా సూచనలు ఇవి. జవాబులో 'ముందుకు దారి' కింద మీ మాటల్లో రాసుకోవచ్చు.

1. మొదట జాబితా. సుక్మా, దంతెవాడ, బీజాపూర్ జిల్లాల్లో చిట్టెం కుప్పలు ఎక్కడున్నాయి, కొలిమి పని తెలిసిన వృద్ధులు ఎవరున్నారు అన్నది ఊరూరా నమోదు చేయాలి. గోండీ, దోర్లీ, ధుర్వా, హల్బీ మాటల్లోనే వారి మాట రికార్డు చేయాలి. పని పదాలు అనువాదంలో చచ్చిపోతాయి. ఈ పనిలో జగదల్‌పూర్‌లోని మానవశాస్త్ర మ్యూజియం తోడు తీసుకోవచ్చు. వృద్ధుల వయసు దృష్ట్యా ఇది వచ్చే ప్రణాళిక దాకా ఆగే పని కాదు.
2. పరిమిత అనుమతి. బోధన కోసం పెట్టే కొలిమికి ఖనిజం, బొగ్గు ఎంత పరిమాణంలో అయితే కేసు ఉండదో రాష్ట్రం స్పష్టంగా రాసి ఇవ్వాలి. అధికారి దయ మీద ఆధారపడే అనుమతి బదిలీతో పోతుంది. రాతలో ఉన్నది నిలుస్తుంది.
3. సంత పక్కన పాక. కుంట, ఛింద్‌గఢ్, టోంగ్‌పాల్ లాంటి సంత జరిగే చోట్లలో గ్రామసభ ఒప్పుకున్న చోట కొలిమి పాక ఉండాలి. కొడవలి కొనడానికి వచ్చిన ఊరివారే మొదటి సందర్శకులు కావాలి, పర్యాటకులు తర్వాత.
4. పేరు, వాటా. భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం కళాకారుడు 'అధీకృత వినియోగదారు'గా నమోదైతేనే ఆ గుర్తింపు అతనికి పనికొస్తుంది. ఆ నమోదును జిల్లా యంత్రాంగమే ఇంటింటికీ వెళ్లి చేయించాలి.
5. యునెస్కో దారి సరిగ్గా ఎంచుకోవడం. 1972 ఒప్పందం స్థలాలకు, 2003 ఒప్పందం సజీవ సంప్రదాయాలకు. ఎంగెల్స్‌బర్గ్ మొదటి దారిలో వెళ్లింది. పంజాబ్‌లోని జండియాలా గురు ఠఠేరాల ఇత్తడి, రాగి పాత్రల తయారీ 2014లో రెండో దారిలో గుర్తింపు పొందింది. బస్తర్‌కు సరిపోయేది రెండోదే.

ఇది ఏ పేపర్‌లో పనికొస్తుంది?

జీఎస్-1లో గిరిజన కళలు, భూంకాల్, పరిశ్రమల స్థానీకరణ. జీఎస్-2లో ఐదో షెడ్యూల్, పెసా, అటవీ హక్కులు. జీఎస్-3లో ఖనిజాలు, జిల్లా ఖనిజ నిధి, మేధో సంపత్తి. జీఎస్-4లో దూ షి. గ్రూప్-1 రాసేవారికి కోనసముద్రం తెలంగాణ చరిత్రలో నేరుగా పనికొస్తుంది. ప్రిలిమ్స్ కోసం ఇంకో జాగ్రత్త: అటవీ చట్టంలోని 'అటవీ ఉత్పత్తి', అటవీ హక్కుల చట్టంలోని 'చిన్నతరహా అటవీ ఉత్పత్తి' ఒకటి కావు. ఈ తేడా మీద ప్రశ్న వస్తే బొగ్గును గుర్తుచేసుకోండి.

వ్యాసం పేపర్‌లో అయితే సమాచారం అంతా కుమ్మరించకండి. సాగస్ నుంచి ఒక పేరా, బైలాడీలా నుంచి ఒక పేరా, చట్టం చిక్కుముడి ఒక పేరా చాలు. మిగతా చోటు మీ అభిప్రాయానికి వదలండి. మీరు నాతో ఏకీభవించకపోయినా పర్వాలేదు. కారణం రాస్తే మార్కులు మీకే.

సర్వీసులోకి వెళ్లాక ఎప్పుడో ఒకరోజు ఇలాంటి ఫైలు మీ బల్ల మీదికి వస్తుంది. "గిరిజన ఇనుప వారసత్వ మ్యూజియం, భవన నిర్మాణానికి అంచనా" అని పైన రాసి ఉంటుంది. లోపల సిమెంటు, గ్రానైటు, లైటింగు లెక్కలు ఉంటాయి. సంతకం చేసేముందు ఆ లెక్కల్లో బొగ్గుకు ఒక వరుస, కొలిమి పెట్టే మనిషికి ఒక వరుస ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే తిప్పి పంపండి.

సాధన ప్రశ్నలు

1. "సంప్రదాయ విజ్ఞానంపై హక్కు, దానికి కావలసిన వనరులపై హక్కు లేకపోతే కాగితానికే పరిమితం." ఐదో షెడ్యూల్ ప్రాంతాల ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)
2. మీరు ఒక గిరిజన జిల్లాకు కలెక్టర్. మ్యూజియం కోసం 10 కోట్లు మంజూరయ్యాయి. గ్రామసభ తమ కొలిమిని బయటివారికి చూపించడం ఇష్టం లేదంది. నిధులు మార్చి 31లోగా ఖర్చు చేయకపోతే వెనక్కి పోతాయి. మీ ముందున్న మార్గాలు, వాటి మంచిచెడులు, మీ నిర్ణయం రాయండి. (250 పదాలు)